నాలుగుంబావు రాళ్లవాన

శుక్రవారం, మార్చి 21. సాయంత్రం 6:10.

మిర్చి కల్లంలో వెంకటప్పయ్య బోర్లా పడి ఉన్నాడు. తల వెనక నెత్తురు. రేకుల షెడ్డు నీడలో కరిగీ కరగని వడగళ్లు. పక్కనే నీలం పరదా కప్పిన మిర్చి రాశి.

ముందు చూసింది భార్య సుశీలమ్మ. ఫోన్ ఎత్తడం లేదని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె అరుపుకు నడిమిగుంపు ఊరంతా పరుగెత్తుకొచ్చింది.

"రాళ్లవాన కొట్టి చంపింది" అన్నారు అందరూ. ఆ సాయంత్రం పడ్డ రాళ్లను చూసినవాళ్లెవరూ ఆ మాటను కాదనలేదు.

కాదన్నది ఏడింటికల్లా వచ్చి శవాన్ని చూసి, మర్నాడు పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు. ఒకటే దెబ్బ. వెనక నుంచి. ఇనుప కడ్డీ లాంటిదానితో. ఆకాశం నుంచి పడే రాయి మనిషి వెనక నిలబడి గురి చూసి కొట్టదు కదా.

అది హత్య.

శనివారం 9:20కి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రమీల పినపాక స్టేషన్‌కు చేరేసరికి ఎస్సై బాలకృష్ణ కేసు దాదాపు ముగించి కూర్చున్నాడు. కుర్రాడు కాదు, పన్నెండేళ్ల సర్వీసు. చురుకైనవాడే. తొందర ఒక్కటే అతని జబ్బు.

"మనిషి దొరికిండు మేడం. సంతోష్. పక్క తండా. వెంకటప్పయ్య ట్రాక్టర్ డ్రైవరు. నిన్న పొద్దున ఇద్దరికీ పెద్ద లొల్లి. ఊరోళ్లంతా విన్నరు."

"సాక్ష్యం?"

"ఒంటి మీదనే ఉంది. భుజాల నిండా, వీపు నిండా రాళ్ల దెబ్బలు. అంటే రాళ్లు పడ్డప్పుడు కల్లంలనే ఉన్నడు."

"అతనేమంటాడు?"

"నాలుగు పదికి రాళ్లు పడ్డయంట. ఇరవైకి ఇంటికి పోయిండంట. అప్పటికి పెద్దాయన మంచిగనే ఉన్నడంట. ఉత్త అబద్ధం." బాలకృష్ణ ఒక కాగితం ముందుకు తోశాడు. "ఊరి బడిలో ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ ఉంది. పదిహేను నిమిషాలకోసారి రీడింగ్. నాలుగుంబావుకు సున్నా. నాలుగున్నరకు సున్నా. నాలుగుముప్పావుకు ఆరున్నర మిల్లీమీటర్లు. అంటే రాళ్లవాన పడ్డది నాలుగున్నర దాటినంక. అప్పుడు కల్లంల ఉన్నది ఇతనే. యంత్రం అబద్ధం చెప్పదు మేడం."

నిజమే, చెప్పదు. కానీ యంత్రం అడిగినదానికే జవాబు చెబుతుంది.

"ఊళ్లో వాళ్లు ఎన్నింటికి పడ్డాయంటున్నారు?"

"ఒకడు నాలుగంటడు, ఒకడు ఐదంటడు. రాళ్లు పడేటప్పుడు గడియారం ఎవడు చూస్తడు?"

"అరెస్టు ఎప్పుడు?"

"నిన్న రాత్రి ఏడున్నరకు. సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేట్ ముందు పెడుతున్న."

ప్రమీల గడియారం చూసుకుంది. ఏడున్నర గంటలు. ఒకసారి జైలు గేటు మూసుకుంటే తండా కుర్రాడికి బెయిలు ఇప్పించే నాథుడు ఉండడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

సంతోష్ లాకప్‌లో గోడకు ఆనకుండా కూర్చున్నాడు. వీపు ఆనితే నొప్పి.

"లొల్లి దేనికి?"

"విత్తనాల గురించి మేడం. మా తండాల పదకొండు ఇండ్లోళ్లు ఒకటే విత్తనం ఏసినం. చెట్టు ఏపుగ పెరిగింది, కాయ లేదు. పెద్దాయన కూడ రెండెకరాల్ల అదే ఏసిండు. ఖాళీ ప్యాకెట్లు ఆయన దాచిండు. వచ్చి ఆఫీసర్ ముంగట పెట్టుమన్న. నన్ను తిట్టిండు."

"ఎందుకు తిట్టాడు?"

"షాపు ఆయన మేనల్లునిది. నాగచైతన్య సారుది. సొంత మనిషి మీద ఎట్ల చెప్పాలె అన్నడు. మధ్యాహ్నానికి మెత్తపడ్డడు. సోమారం నాతోని వస్త అన్నడు."

"ఆ మాట ఎవరైనా విన్నారా?"

"లేదు. ఇద్దరమే ఉన్నం."

"రాళ్లు నాలుగు పదికే పడ్డాయని అంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నావ్?"

"మా చెల్లెకు ఫోన్ చేసిన మేడం. జ్యోత్స్నకు. రోజూ ఊరోళ్లకు వాన కబురు వాయిస్ మెసేజ్ పెడ్తది. రాళ్లు పడొచ్చని నిన్న పొద్దుగాలనే చెప్పింది. నువ్వు చెప్పినట్టే పడ్డయే అని చెప్పిన. అప్పుడు నాలుగు పదకొండు."

"నాగచైతన్య నిన్న కల్లానికి వచ్చానని ఎస్సైతో చెప్పాడట. ఎప్పుడొచ్చాడు?"

సంతోష్ తల ఎత్తాడు. "నేనున్నంతసేపు రాలే మేడం."

బాలకృష్ణ నవ్వాడు. "చూసిన్రా? ఇప్పుడు ఆయన మీదికి తోస్తున్నడు."

10:40. కల్లం.

షెడ్డు రేకులు జల్లెడలా చిల్లులు పడ్డాయి. వెంకటప్పయ్య మోటార్ సైకిల్ అంచున నిలబడి ఉంది. హెడ్‌లైట్ పగిలింది. ట్యాంకు మీద లెక్కపెట్టలేనన్ని సొట్టలు. చుట్టూ వేపచెట్లు ఆకు రాలి బోసిగా నిలబడ్డాయి.

మిర్చి రాశి మీద పరదా అలాగే ఉంది. అంచుల వెంట రాళ్లు పేర్చి ఉన్నాయి.

"దీన్ని ఎవరైనా ఎత్తి చూశారా?"

"మిర్చిల ఏముంటది మేడం?" అన్నాడు బాలకృష్ణ.

కానిస్టేబుల్ భద్రయ్యా, ప్రమీలా చెరో అంచూ పట్టి లాగారు. ఆవిరి గుప్పుమంది. ఘాటుతో ఇద్దరికీ దగ్గు తెర. లోపల కాయలన్నీ తడి. పైపొర కాయలు చితికి, గింజలు బయటపడి ఉన్నాయి. పరదాకు మాత్రం చిల్లు లేదు.

సుశీలమ్మ వచ్చి రాశి ముందు కూలబడింది. రాత్రంతా ఏడ్చిన మొహం. గుప్పెడు కాయలు తీసి వాసన చూసింది.

"ఉడికిపోయాయి. అయ్యో. ఎవరమ్మా ఇలా మూసింది?"

"తనూ మీ ఆయనా కలిసి కప్పామని చైతన్య రాత్రి ఎస్సైతో చెప్పాడు. వాన రాకముందు."

"తడిసిన మిర్చిని ఇలా ఊపిరాడకుండా మూస్తే తెల్లారేసరికి బూజు పడుతుందమ్మా. ముందు నీళ్లు ఓడ్చి పల్చగా నెరపాలి. వాన ఆగకపోతే కింద కర్రలు పెట్టి గాలాడేలా కప్పుతాం. ముప్పై ఏళ్లుగా మిర్చి పండించిన మనిషి..." ఆమె చేతిలోని కాయలు రాశి మీద వదిలేసింది.

ప్రమీల ఆమె పక్కనే కూర్చుంది. "అమ్మా, విత్తనాల ఖాళీ ప్యాకెట్లు ఎక్కడ దాచారు?"

"షెడ్డులో, దూలానికి గోనెసంచి వేలాడదీశారు. ఎందుకమ్మా?"

దూలానికి కొక్కెం ఉంది. సంచి లేదు.

11:30. వెంకటప్పయ్య ఇల్లు.

నాగచైతన్యకు ముప్పై రెండేళ్లు. బూర్గంపాడులో విత్తనాల షాపు. తండ్రి చిన్నప్పుడే పోతే వెంకటప్పయ్యే చదివించాడు. మామయ్యకు కొడుకులు లేరు. సాయంత్రం తలకొరివి పెట్టేది తనే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని ప్రమీలకు అనిపించింది.

"కల్లానికి ఎప్పుడొచ్చావు?"

"మూడున్నరకు."

"వెళ్లింది?"

"సరిగ్గా నాలుగున్నరకు మేడం. ఇద్దరం కలిసి పరదా కప్పాం. తర్వాత బయలుదేరా."

"అప్పటికి వాన?"

"చినుకు కూడా లేదు. మబ్బు మాత్రం కమ్ముకుంది."

"కారు ఎక్కడ పెట్టావు?"

"కల్లం అంచునే. మామయ్య బండి పక్కన."

"గంటసేపూ అక్కడే ఉందా?"

"అక్కడే. నేనూ ఎక్కడికీ కదల్లేదు. సంతోష్ షెడ్డు వెనక ఏదో సర్దుతున్నాడు. వాణ్ని నమ్మి మామయ్యను ఒంటరిగా వదిలి వెళ్లాను. అదే నా పాపం."

బూర్గంపాడు పెట్రోలు బంకులో 5:55కి అతని కారు సీసీటీవీలో పడింది. దారిలో టీ తాగానన్నాడు. అంతా యంత్రం లెక్కకు అతికినట్టు సరిపోతోంది. టవర్ లొకేషన్ అడిగితే సోమవారం గానీ రాదన్నారు. మనిషి నిజం చెబితే టైములు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఇక్కడ నిమిషం తేడా లేదు. ప్రమీలకు నచ్చనిది అదే.

1:15. ఊరి బడి.

జ్యోత్స్న గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. ఇరవై మూడేళ్లుంటాయి. బీఎస్సీ చదివింది. తల్లి రూప్లి ఆమె చెయ్యి వదలడం లేదు.

"నా కొడుకు గట్లాంటోడు కాదమ్మా" అంది రూప్లి. "రాళ్లకు మా ఇంటి రేకులు పగిలినయ్. పైకెక్కి పట్టా కప్పిండు. నేను కింద తాడు పట్టుకున్న."

"అన్న కోసం చెల్లె, కొడుకు కోసం తల్లి" అన్నాడు బాలకృష్ణ. అన్నాక తనకే ఇబ్బందిగా అనిపించి పక్కకు చూశాడు.

"మీ అన్న ఫోన్ చేసింది నిజమే, కాల్ లిస్టులో ఉంది" అంది ప్రమీల. "ఏం మాట్లాడాడో లిస్టులో ఉండదు. యంత్రమేమో వాన నాలుగున్నర తర్వాత అంటోంది. దీనికి నీ జవాబేంటి?"

"యంత్రం కరెక్టే మేడం. రాళ్లకు మాత్రం దానికి లెక్క లేదు."

జ్యోత్స్న కంచె లోపలి కొలపాత్రను చూపించింది. పైన వెడల్పాటి గరాటు. "దీని కింద చిన్న దొప్ప ఉంటది. నీళ్లు నిండితే బోల్తా పడ్తది. ఒక్క బోల్తా అర మిల్లీమీటరు. వాన పడితే ఆ నిమిషమే తెలుస్తది. రాయి పడితే గరాటులనే కూసుంటది. కరిగితేనే లెక్క."

"ఎంతసేపు పడుతుంది?"

"నిన్న చానా సేపు పట్టింది. రాళ్లకు తోడు వేపాకు రాలి గరాటు నోరు మూసుకుపోయింది. సాయంత్రం నేనే చూసిన, ముట్టుకోలే. ఫొటో తీసిన."

ఫొటోలో గరాటు నిండా తెల్లటి రాళ్లు, పచ్చటి ఆకులు. కింద టైము 4:31.

ప్రమీల ఆ టైమును రెండోసారి చదివింది. "వానే లేకుండా ముందు రాళ్లే పడతాయా?"

"పడ్తయ్ మేడం. తుంపర పల్చటి మబ్బుది. కిందనే పుడ్తది, మెల్లగ రాలుతది. మామూలు వాన చినుకులు ఒకదానికొకటి కలిసి బరువైతే పడ్తది. రాయి కథ వేరు. మండే ఎండకు నేల గాలి రయ్యిమని పైకి లేస్తది. మబ్బు నిలువునా పది కిలోమీటర్ల ఎత్తుకు పోతది. చినుకును గాలి పైకి తోస్తది, అక్కడ గడ్డ కడ్తది. జారబోతది, నీళ్లు పూసుకుంటది, మళ్లీ పైకి. ఉల్లిగడ్డ లెక్క పొర మీద పొర. గాలి మోయలేనప్పుడు పడ్తది. మబ్బు అంచుల గాలి బలంగుంటే చినుకులు పైననే ఆగుతయ్, రాళ్లు మాత్రం దిగుతయ్. నిన్న మనూళ్లె పడ్డయ్, రెండు కిలోమీటర్ల అవతల పడలే."

"మంచిగ చెప్పినవ్" అన్నాడు బాలకృష్ణ. "కాని ఆ ఫొటో నువ్వు తీసిందే. ఫోన్‌ల టైము ఎవరైనా మార్చొచ్చు. కోర్టుల ఏం నిలబడ్తది?"

జ్యోత్స్న కళ్లలో నీళ్లు తిరిగాయి. రూప్లి కూతురి మొహం వైపు చూసి, ఏమీ అర్థం కాకపోయినా, అంతా అయిపోయిందని అర్థం చేసుకుంది.

ప్రమీల ఎస్సై చేతిలోని కాగితం తీసుకుంది. ఒక నిమిషం చూసింది. రెండు నిమిషాలు చూసింది.

"బాలకృష్ణా, ఈ కాగితంలో ఎన్ని గళ్లున్నాయి?"

"ఐదు మేడం."

"నువ్వు చదివింది?"

"వాన గడి."

"పక్క గడి చదువు."

బాలకృష్ణ చదివాడు. చదివి, కాగితాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకుని మళ్లీ చదివాడు. ఎండకు కాదు గానీ అతని నుదుటి మీద చెమట పట్టింది.

4:35. వెంకటప్పయ్య ఇల్లు.

పాడె సిద్ధంగా ఉంది. శవం మణుగూరు నుంచి మూడింటికే వచ్చింది. పొద్దు గూకకముందే లేపాలని పెద్దలు తొందరపడుతున్నారు. నాగచైతన్య తడిపంచెతో నిలబడ్డాడు. చేతిలో నిప్పుకుండ.

జీపు వచ్చి ఆగింది. వెనక సీట్లో బేడీలతో సంతోష్. ఊరు గుసగుసలాడింది. ఎవరో "వీణ్ని ఇక్కడికెందుకు తెచ్చారు?" అని అరిచారు.

"ఐదు నిమిషాలు" అంది ప్రమీల. "చైతన్యా, ఒక్క సందేహం. నిన్న నాలుగుంబావుకు నువ్వెక్కడున్నావు?"

"చెప్పాను కదా మేడం. కల్లంలో."

"ఆరుబయటే?"

"అవును. పరదా సర్దుతున్నాం."

"ఎండగా ఉందా?"

"మబ్బేసినా ఉక్కపోత. చెమటలు కారిపోయాయి."

ప్రమీల కాగితం విప్పింది.

"నాలుగింటికి ముప్పై ఏడు డిగ్రీలు. నాలుగుంబావుకు ఇరవై నాలుగు. పదిహేను నిమిషాల్లో పదమూడు డిగ్రీలు పడిపోయింది. ఇది ఎవరి నోటిమాటా కాదు, యంత్రం రాసింది. మంచుగడ్డలు మొయ్యకుండా గాలి అంత చల్లగా దిగదు. రాళ్లు పడింది అప్పుడే. గరాటులో కూర్చుని అరగంటకు కరిగాయి. వాన గడిలోకి అప్పుడెక్కాయి. ఎస్సై పొరబడింది అక్కడే. నువ్వు పొరబడిందీ అక్కడే."

చైతన్య కుండను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నువ్వు వచ్చేసరికి నేల మీద రాళ్లున్నాయి. అవి ఎప్పుడు పడ్డాయో నీకు తెలీదు. బడి యంత్రం రీడింగులు అందరికీ ఫోన్లో కనిపిస్తాయి, చూశావు. వాన నాలుగుముప్పావు రీడింగ్‌లో మొదలైందని ఉంది. అయితే నాలుగున్నరకే వెళ్లిపోయానని చెబితే చాలనుకున్నావు. ఎండలోనే పరదా కప్పామని చూపించడానికి రాశిని మూశావు."

"కాదు! మామయ్యే కప్పారు!"

"అయితే పరదాకు చిల్లులేవి? చితికిన కాయలు పరదా కిందెలా ఉన్నాయి? రాళ్లు ముందు, పరదా తర్వాత. తడి మిర్చిని అంత బిగించి మూసేవాడు మిర్చి రైతు కాదు. విత్తనాలు అమ్మడమే తెలిసినవాడు."

సుశీలమ్మ గడప మీద నుంచి లేచింది.

ప్రమీల చెయ్యి చాపి వేపచెట్టు కింద ఉన్న తెల్ల కారును చూపించింది. "గంటసేపు మీ మామయ్య బండి పక్కనే ఉందన్నావు. ఆ బండి ట్యాంకు సొట్టలతో నిండిపోయింది. నీ కారు మీద ఒక్క సొట్ట చూపించు. ఒక్కటి చాలు. ఇప్పుడే సంతోష్‌తో కోర్టుకు వెళ్లిపోతాను."

అందరూ కారు వైపు తిరిగారు. బానెట్ నున్నగా మెరుస్తోంది.

"భద్రయ్యా, డిక్కీ తెరువు."

స్టెప్నీ టైరు కింద గోనెసంచి. సంచిలో ఖాళీ విత్తనాల ప్యాకెట్లు. పక్కన వీల్ స్పానర్, శుభ్రంగా కడిగి ఉంది. శుక్రవారం సాయంత్రం చావు కబురు విని వచ్చినప్పటి నుంచి చైతన్య బంధువుల మధ్యలోనే ఉన్నాడు. వాటిని పారేసే సందు దొరకలేదు.

చైతన్య డిక్కీ వైపు నుంచి చూపు తిప్పుకున్నాడు.

"కాళ్లు పట్టుకున్నాను మేడం" అన్నాడు. "సోమవారం సంతోష్‌తో ఆఫీసర్ దగ్గరికి వెళ్తానని మామయ్యే చెప్పాడు, వెళ్లొద్దన్నాను. షాపు పోతుంది, పరువు పోతుంది అన్నాను. పదకొండు ఇళ్లవాళ్ల కడుపు కొట్టావు, నీకు పరువేంట్రా అన్నాడు. వెనక్కి తిరిగి మిర్చి నెరపడానికి వంగాడు. అంతే. ఆ తర్వాత ఏం చేశానో..."

"ఆ తర్వాత ప్యాకెట్లు తీశావు, స్పానర్ కడిగావు, రాశి మూశావు, ఇంకొకణ్ని ఇరికించావు" అంది ప్రమీల. జాలి పడే ఓపిక ఆమెకు లేదు. "అన్నీ బాగానే గుర్తున్నాయి నీకు."

సుశీలమ్మ మెట్లు దిగి వచ్చింది. చైతన్య ఎదుట ఆగింది. కొడుతుందేమో అనుకున్నారు. కొట్టలేదు. అతని చేతిలోంచి కుండ తీసుకుంది.

"నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇది" అంది. "ఇంకెప్పుడూ నా గడప తొక్కకు."

భద్రయ్య అతణ్ని జీపు వైపు నడిపించాడు. బాలకృష్ణ సంతోష్ బేడీలు విప్పాడు. తాళం రెండుసార్లు జారింది. 

పెద్దలు తలలు పట్టుకున్నారు. కొరివి పెట్టేదెవరు? పాడె మోయడానికి నిలబడ్డ నలుగురిలో ఇద్దరు చైతన్య స్నేహితులు. వాళ్లు మెల్లగా జనంలో కలిసిపోయారు.

"కొరివి నేను పెడతాను" అంది సుశీలమ్మ. ఎవరో ఏదో అనబోయారు. ఆమె చూసిన చూపుకు ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. తర్వాత ఆమె సంతోష్ వైపు తిరిగింది. "నిన్న నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. రమ్మనడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. ఆయన్ను మోస్తావా నాయనా?"

సంతోష్, జీపు వెంటే వచ్చి జనంలో నిలబడ్డ తల్లి వైపు చూశాడు. రూప్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పో బిడ్డా. ఆ మనిషి నీ కోసం వస్తనన్నడు. అందుకే పోయిండు."

సంతోష్ వెళ్లి పాడె ముందు కొమ్ము పట్టుకున్నాడు. ఇంకో కొమ్ము ఖాళీగానే ఉంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

బాలకృష్ణ టోపీ తీసి జీపు బానెట్ మీద పెట్టాడు. వచ్చి సంతోష్ పక్కన వంగి ఆ కొమ్ము భుజానికెత్తుకున్నాడు.

"తప్పు చేసిన తమ్మీ" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

సంతోష్ కొమ్మును భుజం మీద సర్దుకున్నాడు. ముందుకు చూస్తూ మొదటి అడుగు వేశాడు. బాలకృష్ణ తన అడుగు మార్చుకుని అతనితో కలిపాడు.